రాగిముద్ద మంచిదే, మరి ఎంత ముద్ద?



మన సరిహద్దు జిల్లాల్లో ఈ జబ్బుకు ఉన్నన్ని పేర్లు మరే జబ్బుకూ లేవేమో. పుస్తకాల్లో మధుమేహం. ఇంట్లో షుగరు, లేదా చక్కెర జబ్బు. కోలారులోనో బళ్ళారిలోనో ఆసుపత్రికి వెళితే సక్కరె కాయిలె అంటారు. హోసూరు, కృష్ణగిరి వైపు శర్కరై నోయ్ అంటారు, పాతకాలం వాళ్ళు నీరిళివు అని కూడా అంటారు. బరంపురం, రాయగడ వెళ్ళినా, నాందేడు, చంద్రపూరు వెళ్ళినా మళ్ళీ మధుమేహమే. డాక్టరుగారు ఏ భాషలో చెప్పినా, చెప్పిన రోజు సాయంత్రం మన తెలుగు ఇళ్ళలో జరిగేది మాత్రం ఒకటే. ఇంటాయన అన్నం మానేస్తాడు. ఇల్లాలు రాగిపిండి పట్టిస్తుంది. నాందేడు, రాయచూరు వైపైతే జొన్నరొట్టె, ఉద్యోగస్థుల ఇళ్ళలో అయితే చపాతీ. "ఇది షుగరు వాళ్ళ తిండి కదా, ఎంత తిన్నా ఏం కాదు" అని కడుపునిండా తింటారు. నెల తిరిగాక రక్తపరీక్ష చేయిస్తే అంకె ఉన్నచోటే ఉంటుంది. అప్పుడు కొందరికి ముద్ద మీద నమ్మకం పోతుంది. ఇంకొందరికి మందు మీద నమ్మకం పోతుంది, మాత్రలు మానేసి ఆకుపసరు వెతుక్కుంటారు. ఈ రెండు నమ్మకాలూ పోవలసిన పని లేదు. పోవలసింది "ఎంత తిన్నా ఏం కాదు" అన్న మాట ఒక్కటే. ఇవాళ దాని గురించే మాట్లాడుకుందాం.

ముందు ఒంట్లో ఏం జరుగుతుందో చూద్దాం. మనం తిన్న అన్నం, ముద్ద, రొట్టె, ఇడ్లీ అన్నీ అరిగి చివరికి గ్లూకోజుగా మారి రక్తంలో కలుస్తాయి. అక్కడి నుంచి అది కండరాల్లోకి వెళ్ళి శక్తి కావాలి. వెళ్ళడానికి ఇన్సులిన్ కావాలి. పొట్ట వెనక ఉండే క్లోమగ్రంథి ఈ ఇన్సులిన్‌ను తయారు చేస్తుంది. అది చాలినంత తయారు కాకపోయినా, తయారైనా ఒళ్ళు దాని మాట వినకపోయినా, గ్లూకోజు రక్తంలోనే నిలిచిపోతుంది. పెద్దవాళ్ళలో మనం చూసే షుగరు నూటికి తొంభై పాళ్ళు ఈ రకమే. చిన్నపిల్లలకు హఠాత్తుగా వచ్చే రకం వేరు, అందులో ఇన్సులిన్ బొత్తిగా ఉండదు, కాబట్టి సూదిమందు ఒక్కపూట కూడా మానరాదు. ఆ పిల్లల తల్లిదండ్రులు ఈ ప్రసంగం విని మందుల్లో ఎలాంటి మార్పూ చేయవద్దని ముందే మనవి చేస్తున్నాను.

ఇక అంకెలు. పరగడుపున తీసిన రక్తంలో చక్కెర 100 లోపు ఉంటే మామూలు. 126, ఆపైన ఉంటే షుగరు. మధ్యలో ఉన్నవాళ్ళు గట్టు మీద నిలబడ్డవాళ్ళు, ఎటైనా దిగవచ్చు. గ్లూకోజు నీళ్ళు తాగించి రెండు గంటల తరువాత చూసినప్పుడు 200, ఆపైన ఉంటే షుగరు. మూడు నెలల సగటు చెప్పే పరీక్ష ఇంకొకటి ఉంది, హెచ్‌బీఏ1సీ అంటారు. అందులో 6.5 శాతం, ఆపైన ఉంటే షుగరు ఉన్నట్టు. జబ్బు లక్షణాలేవీ లేనివారికి ఒక్కసారి చూసి తేల్చరు, రెండోసారి కూడా చూసి ఖాయం చేస్తారు. జబ్బు ఉన్నవాళ్ళలో చాలామందికి ఈ సగటు 7 దగ్గర ఉంటే బాగా అదుపులో ఉన్నట్టు. బాగా వయసు మళ్ళినవారికి డాక్టర్లు ఇంకాస్త సడలింపు ఇస్తారు. పరీక్షకు వెళ్ళే ముందు రెండు రోజులు నోరు కట్టుకుని పరగడుపు అంకె తగ్గించుకునేవాళ్ళు మనలో ఉన్నారు, ఆ సంగతి డాక్టర్లకూ తెలుసు. మూడు నెలల సగటు దగ్గర ఆ యుక్తి పనిచేయదు.

మన దేశంలో సుమారు 10 కోట్ల మందికి షుగరు ఉందనీ, మరో 13 కోట్ల పైచిలుకు మంది గట్టు మీద ఉన్నారనీ భారత వైద్య పరిశోధన మండలి వారి పెద్ద సర్వే 2023లో లెక్క తేల్చింది. ఇది పట్నం జబ్బు, పెద్దింటి జబ్బు అనే రోజులు పోయాయి.

సరే, ముద్ద దగ్గరికి వద్దాం. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వారు 2017లో మన తిండి గింజలన్నిటినీ పరీక్షించి పట్టిక వేశారు. 100 గ్రాముల తెల్ల బియ్యంలో పిండిపదార్థం సుమారు 78 గ్రాములు. రాగుల్లో 67. జొన్నల్లో 68. గోధుమపిండిలో 64. చూశారా! బియ్యానికీ రాగికీ తేడా పది పదకొండు గ్రాములే. రక్తంలో గ్లూకోజు అయ్యేది ఈ పిండిపదార్థమే. అలాంటప్పుడు రాగి గొప్పతనం ఏమిటి? పీచులో ఉంది. బియ్యంలో పీచు 3 గ్రాముల లోపు, రాగిలోనూ గోధుమపిండిలోనూ 11 దాకా, జొన్నలో 10. పీచు ఉన్న తిండి నిదానంగా అరుగుతుంది, గ్లూకోజు రక్తంలోకి ఒక్కసారిగా పోటెత్తకుండా మెల్లగా చేరుతుంది. ఆకలి కూడా త్వరగా వేయదు. పైగా రాగిలో ఉన్నంత సున్నం, అదే కాల్షియం, ఏ ధాన్యంలోనూ లేదు. అందుకే ముద్ద మంచిదే అన్నాను. కానీ కొబ్బరికాయంత ముద్ద తింటే, కప్పు అన్నం తిన్నవాడి కంటే ఎక్కువ పిండిపదార్థం లోపలికి పోతుంది. పీచు ఎంత అడ్డుపడినా అంత వరదను ఆపలేదు.

మన తాతలు పూటకు రెండు ముద్దలు తిన్నారు, నిజమే. తిన్నవాళ్ళు పొద్దు గుంకేదాకా మడక దున్నారు, కపిల తోలారు. ముద్ద సైజు అలాగే ఉంది, మడక పోయి ట్రాక్టరు వచ్చింది.

మరి ఎంత తినాలి? తూకం రాళ్ళు అక్కరలేదు. ఎవరి పిడికిలి వారికి కొలత. మీ పిడికిలంత ముద్ద, లేదా అంత అన్నం, పూటకు సరిపెట్టుకోండి. మరీ కష్టపడి పనిచేసేవారికి డాక్టరుగారు ఇంకొంచెం పెంచవచ్చు. చపాతీ సంగతి కూడా ఇంతే. ఒక చిన్న చపాతీకి 30 గ్రాముల పిండి పడుతుంది. రాత్రిపూట అన్నం మానేశానని తృప్తిపడి నాలుగు చపాతీలు తినేవారు, రెండు కప్పుల అన్నానికి కొద్దిగా తక్కువ తింటున్నారంతే. చపాతీ తినవద్దని కాదు, రెండు చాలు.

ఇంకో సంగతి. ఒకే రాగి రకరకాల రూపాల్లో రకరకాలుగా పనిచేస్తుంది. పిండి ఎంత మెత్తగా ఉంటే, ఎంత పలుచగా, ఎంత బాగా ఉడికితే అంత త్వరగా అరిగిపోతుంది. పొద్దున్నే పెద్ద లోటాడు రాగిజావ తాగి "తేలికపాటి తిండి తిన్నాను" అనుకునేవారు భోజనం తరువాత రెండు గంటల పరీక్ష ఒకసారి చేయించుకుని చూడండి. అందులో బెల్లం కూడా వేసుకుంటే ఇక చెప్పనక్కరలేదు. జావే తాగాలనుకుంటే చిన్న గ్లాసుడు, మజ్జిగ కలిపి, ఉల్లిపాయ నంజుకుని, పక్కన ఒక గుడ్డో గుప్పెడు ఉడికించిన గుగ్గిళ్ళో పెట్టుకుని తాగండి.

ఇప్పుడు పళ్ళెం చూద్దాం. మన పళ్ళెంలో నడిమధ్య అన్నం కొండలా ఉంటుంది, ఒక మూల కూర బొట్టులా ఉంటుంది. దీన్ని తిరగేయాలి. పళ్ళెంలో సగం కూరగాయలు, ఆకుకూరలు. పావు భాగం పప్పు, ఉలవలు, గుడ్డు, చేప, పెరుగు లాంటివి. మిగిలిన పావు భాగంలో అన్నమో ముద్దో రొట్టెనో. అన్నంలో కూర కలుపుకోవడం కాదు, కూరలో అన్నం కలుపుకోవాలి. అలాగే ముందు కూరా పప్పూ కొంత తిని, ఆ తరువాత అన్నం ముట్టుకుంటే చక్కెర పెరుగుదల కొంత తగ్గుతుందని పరీక్షల్లో తేలింది. ఖర్చు లేని పని, చేసి చూడవచ్చు. బంగాళాదుంప, చిలగడదుంప, కర్రపెండలం కూరల లెక్కలోకి రావు, అవి అన్నం లెక్క. ఆలూ కూరతో చపాతీ తినడమంటే అన్నంతో అన్నం తిన్నట్టే.

కూరగాయలు కొనలేమండీ అనేవాళ్ళు ఉంటారు. పట్నం వాళ్ళ సొరకాయ సలాడు నేను చెప్పడం లేదు. కోలారు, హోసూరు పల్లెల్లో చలికాలం వస్తే అనపకాయలు కుప్పలు కుప్పలుగా సంతకు వస్తాయి. పితికిన పప్పుతో పులుసు పెట్టి పిడికెడు ముద్దతో తింటే షుగరు మనిషికి అంతకన్నా మంచి భోజనం లేదు. మసొప్పు, బస్సారు అని కన్నడం వాళ్ళ దగ్గర మనం నేర్చుకున్న ఆకుకూరల చారు ఉండనే ఉంది, ఒక గరిటెకు బదులు రెండు గరిటెలు వేసుకోండి. ఉలవచారు మనదే. మునగాకు ఇంటి వెనకాలే ఉంటుంది.

బళ్ళారి వాళ్ళకు పొద్దున్నే ఉగ్గాని, మిరపకాయ బజ్జీ లేకపోతే తెల్లవారదు. బొరుగులు చేతికి తేలిక, కానీ ఉబ్బిన బియ్యమే అవి, చాలా త్వరగా గ్లూకోజు అవుతాయి. వారానికి ఒక రోజు, అందులో వేరుసెనగలూ ఉల్లీ టమాటా ఎక్కువ పడేటట్టు, బజ్జీ ఒక్కటి. నాందేడు వైపు పోహా అనే అటుకుల ఉప్మాకూ ఇదే మాట. బరంపురం వైపు వేసవిలో ఒడియా ఇళ్ళతో పాటు తెలుగు ఇళ్ళలోనూ పఖాళ తింటారు, మన చద్దన్నం లాంటిదే. ఎండకు చలవ చేస్తుంది, ఉప్పుడు బియ్యం అయితే ఇంకా మేలు. కానీ నీళ్ళలో తేలుతుంది గనక అన్నం ఎంత పోయిందో కంటికి కనిపించదు. గిన్నెలో అన్నం వేశాక, నీళ్ళు పోయక ముందే కొలత చూసుకోండి. యానాం శ్రోతలకు చేప గురించి నేను చెప్పేదేముంది! చేపల పులుసు మంచిదే. చిక్కంతా ఆ పులుసు రుచికి నాలుగోసారి వడ్డించుకునే అన్నంతోనే.

టీ సంగతి. అంగడి టీలో రెండు చెంచాల చక్కెర తక్కువ కాదు. రోజుకు అయిదు టీలు తాగితే పది చెంచాలు, అంటే 50 గ్రాముల చక్కెర. ఇంట్లో తీపి మానేసి పంచాయితీ కట్ట దగ్గర ఇన్ని టీలు తాగే పెద్దమనుషులు ఉన్నారు. చక్కెర లేకుండా రెండు టీలకు దిగండి, పదిహేను రోజుల్లో నాలుక అలవాటు పడుతుంది. చక్కెర బదులు బెల్లం, తేనె, తాటిబెల్లం వాడితే ఏం కాదనే మాట నమ్మవద్దు. రక్తంలోకి వెళ్ళాక అన్నీ ఒకటే. చక్కెర లేని బిస్కెట్లు అని డబ్బా మీద రాసి అమ్మేవి కూడా చాలావరకు మైదాతో చేసినవే. పండ్లు మాత్రం మానకండి. ఒక జామకాయ, గుప్పెడు నేరేడు పండ్లు, రెండు బొప్పాయి ముక్కలు, ఏదో ఒకటి రోజూ తినవచ్చు. మామిడి కాలంలో రెండు ముక్కలు తిని ఆ పూట అన్నం తగ్గించుకోండి. కాయ కొరికి తినాలి గానీ రసం తీసి తాగవద్దు.

నూనె మనిషికి నెలకు అర లీటరు చాలు. ఉప్పు రోజుకు ఒక చెంచా, ఊరగాయలో ఉప్పు కూడా అందులోనే. షుగరూ బీపీ తోడుదొంగలు.

మెంతుల గురించి చాలామంది అడుగుతారు. 1990 ప్రాంతంలో పైన చెప్పిన పోషకాహార సంస్థలోనే మెంతుల మీద ప్రయోగాలు జరిగాయి, చక్కెర కొంత తగ్గిందని చూశారు. నానబెట్టి తినండి, పులుసులో వేయండి, మంచిదే. కాకరకాయ కూర తినండి. కానీ ఇవి తిండి. మాత్రలకు బదులు కావు. మాత్రలన్నీ మానిపిస్తామని పొట్లాలు కట్టి అమ్మే పొడుల విషయంలో జాగ్రత్త. అలాంటి పొడులు కొన్నిటిలో ఇంగ్లీషు మందే నూరి కలిపిన సంగతి పరీక్షల్లో బయటపడింది. ఎంత కలిపారో తెలియని మందు తినడం కంటే తెలిసిన మాత్ర తినడం నయం కదా!

"నేను బక్కగా ఉన్నాను, నాకు షుగరు ఎందుకు వస్తుంది?" అంటారు కొందరు. పుణె డాక్టరు చిత్తరంజన్ యాజ్ఞిక్, ఇంగ్లండుకు చెందిన డాక్టరు జాన్ యడ్కిన్ 2004లో లాన్సెట్ పత్రికలో తమ ఇద్దరి ఫొటోలే అచ్చు వేయించారు. ఎత్తుకు తగిన బరువు లెక్క ఇద్దరిదీ సరిగ్గా ఒకటే, 22.3. కానీ ఒంట్లో కొవ్వు యడ్కిన్‌గారికి 9 శాతం, మన యాజ్ఞిక్‌గారికి 21 శాతం. కాళ్ళూ చేతులూ సన్నగా ఉండి పొట్ట మాత్రం ముందుకు వచ్చే శరీరం మనది. అందుకని తూకం కంటే టేపు నమ్మండి. నడుము చుట్టుకొలత మగవాళ్ళకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకు 80 దాటకూడదు.

ఇంక నడక. మద్రాసులో డాక్టరు రామచంద్రన్ గారి బృందం గట్టు మీద ఉన్న 531 మందిని మూడేళ్ళు గమనించి 2006లో ఫలితాలు ప్రకటించింది. తిండి సరిదిద్దుకుని రోజూ అరగంట నడిచినవాళ్ళలో షుగరు రావడం నూటికి 28 పాళ్ళు తగ్గింది. మాత్ర వేసుకున్నవాళ్ళలోనూ ఇంచుమించు అంతే తగ్గింది. అంటే నడక ఒక మాత్రతో సమానం, అందులో మందుచీటీ అక్కరలేదు. జబ్బు వచ్చినవాళ్ళకు కూడా నడక అంతే అవసరం. నడిచే కండరం ఇన్సులిన్ ఎక్కువ లేకపోయినా గ్లూకోజును లాక్కోగలదు. వారానికి 150 నిమిషాలు, వరసగా రెండు రోజులు మానకుండా. భోజనం చేసిన తరువాత పది పదిహేను నిమిషాలు వీధి చివరిదాకా వెళ్ళి రావడం కూడా చాలా పనిచేస్తుంది.

"రోజంతా పొలంలోనే ఉంటానండీ, ఇంకేం నడక?" అనే రైతన్నకు ఒక మాట. బోరు మీట నొక్కడం, డ్రిప్పు పైపులు చూడడం, బండి మీద తోటకు వెళ్ళి రావడం నడక కావు. ఆయాసం కొద్దిగా రావాలి, మాట్లాడగలగాలి కానీ పాట పాడలేనట్టు ఉండాలి. అదీ కొలత. ఇల్లాళ్ళకు వీధిలో నడవడం మొహమాటంగా ఉంటే నలుగురు కలిసి నడవండి. కోలాటం మన ఊళ్ళలో ఇంకా ఉంది, వారానికి మూడు సాయంత్రాలు కోలాటం వేస్తే దానికి మించిన వ్యాయామం లేదు. మోకాళ్ళ నొప్పులున్నవారు కుర్చీలో కూర్చుని లేవడం పదిసార్లు, నీళ్ళ చెంబు పట్టుకుని చేతులు పైకెత్తడం పదిసార్లు చేయవచ్చు. కండ బలపడితే చక్కెర ఖర్చవుతుంది.

సరిహద్దులో ఉన్నవాళ్ళకు మాత్రమే ఎదురయ్యే ఇబ్బంది ఒకటుంది, దీని గురించి పట్నం డాక్టర్లు రాసిన పుస్తకాల్లో కనిపించదు. మన జీవితం ఒక రాష్ట్రంలో, బంధువులు మరో రాష్ట్రంలో. కోలారులో ఒక డాక్టరుకు చూపిస్తాం. పెళ్ళికి మదనపల్లె వెళ్ళి అక్కడ కళ్ళు తిరిగితే ఇంకో డాక్టరు మాత్రలు రాస్తాడు. ఇంటికొచ్చి రెండూ వేసుకుంటాం. డబ్బాల మీద పేర్లు వేరు, రంగు వేరు, లోపల ఉన్న మందు మాత్రం ఒకటే. గ్లిమెపిరైడ్ లాంటి మందు ఇలా రెండింతలు పడితే రాత్రికి రాత్రి చక్కెర పడిపోయి మనిషి స్పృహ తప్పుతాడు. అందుకని కంపెనీ పేరు కాదు, దాని కింద చిన్న అక్షరాల్లో ఉండే అసలు మందు పేరు చూడాలి. మీకు చదవడం రాకపోతే హైస్కూల్లో చదివే మనవడి చేత చదివించండి. ఒక చిన్న నోటుపుస్తకం పెట్టుకోండి. అందులో మందు అసలు పేరు, మోతాదు, ఏ పూట, ఆఖరు పరీక్షల అంకెలు, తారీకులు. ఏ భాష డాక్టరుకైనా ఆ పుస్తకం అర్థమవుతుంది. కొత్త డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు పాత మాత్రల అట్టలన్నీ సంచీలో వేసుకుని వెళ్ళండి, నామోషీ ఏమీ లేదు.

మందులు కొనలేక మధ్యలో మానేసేవారు ఎక్కువ. ముప్పై ఏళ్ళు దాటిన ఎవరికైనా ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో షుగరు, బీపీ ఉచితంగా చూస్తారు. తమిళనాడులో ఇంటి ముంగిటికే మాత్రలు తెచ్చిచ్చే పథకం, మక్కళై తేడి మరుత్తువం, 2021 ఆగస్టులో మొదలైంది. అది మొదలైన ఊరు ఏదో తెలుసా? మన కృష్ణగిరి జిల్లాలోని సామనపల్లి. కర్ణాటకలో గృహ ఆరోగ్య పథకం 2024లో కోలారు జిల్లా నుంచే మొదలైంది. మన భాష వాళ్ళు ఎక్కువగా ఉన్న చోట్ల మొదలైన పథకాలను మనమే అడగకపోతే ఎలా? ఆరోగ్య కార్యకర్త వీధిలోకి వచ్చినప్పుడు పిలిచి పేరు రాయించుకోండి. ఆమెకు తెలుగు రాకపోయినా షుగరు అన్న మాట అర్థమవుతుంది.

ఇన్సులిన్ వేసుకునేవారికి ఎండాకాలం గురించి ఒక ముక్క. బళ్ళారి, చంద్రపూరు ఎండలు తెలిసినవే. ఇంట్లో ఫ్రిజ్ లేకపోతే ఒక మట్టికుండలో తడి ఇసుక వేసి, అందులో చిన్న ముంత పెట్టి, నీళ్ళు తగలకుండా సీసాను ప్లాస్టిక్ సంచీలో చుట్టి ఆ ముంతలో ఉంచండి. నీడలో, గాలి ఆడేచోట పెట్టాలి. మంచుగడ్డల మీద పెట్టవద్దు, గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదు.

కాళ్ళ గురించి చెప్పకుండా ఉండలేను. ఏళ్ళ తరబడి చక్కెర ఎక్కువగా ఉంటే అరికాళ్ళలో స్పర్శ పోతుంది. ముల్లు గుచ్చుకున్నా తెలియదు, చెప్పులో రాయి ఉన్నా తెలియదు. మధ్యాహ్నం గుడి చుట్టూ వట్టికాళ్ళతో ప్రదక్షిణం చేసి, రాతిబండల వేడికి బొబ్బలెక్కినా తెలియక, వారం తరువాత చీము పట్టాక ఆసుపత్రికి వచ్చేవారు ఉంటారు. వేళ్ళు తీసేయడం, ఒక్కొక్కసారి కాలే తీసేయడం ఇలా మొదలవుతుంది. రాత్రి పడుకునే ముందు దీపం దగ్గర కూర్చుని రెండు అరికాళ్ళూ, వేళ్ళ సందులూ చూసుకోండి. కళ్ళు సరిగా కనిపించకపోతే కోడలినో కూతురినో చూడమనండి. ప్రదక్షిణం ఎండ ఎక్కక ముందే పూర్తి చేయండి, లేదా మందపాటి మేజోళ్ళు వేసుకోండి. చెప్పు తొడిగే ముందు దులపండి. కాళ్ళు తిమ్మిరెక్కాయని వేడినీళ్ళలో పెట్టవద్దు, కాపడం పెట్టవద్దు. ఏడాదికి ఒకసారి కళ్ళ లోపలి పొర పరీక్ష, మూత్రంలో ప్రోటీను పరీక్ష, రక్తంలో క్రియాటినిన్ చూపించుకోండి. చూపు మందగించేదాకా, కాళ్ళు వాచేదాకా ఆగితే ఆలస్యమవుతుంది. బ్రిటన్‌లో ఏళ్ళ తరబడి సాగిన ఒక పెద్ద అధ్యయనం ఫలితాలు 1998లో వెలువడ్డాయి. చక్కెరను గట్టిగా అదుపులో పెట్టుకున్నవాళ్ళలో కళ్ళూ మూత్రపిండాల దెబ్బలు నాలుగో వంతు తగ్గాయి. రెండు వారాలు దాటిన దగ్గు ఉంటే కఫం కూడా చూపించుకోండి, షుగరు ఉన్నవారికి క్షయ పట్టుకునే అవకాశం రెండు మూడింతలు ఎక్కువ.

చివరగా, చక్కెర ఎక్కువ కావడం కన్నా తొందరగా ప్రాణం మీదికి తెచ్చేది చక్కెర పడిపోవడం. మాత్ర వేసుకుని టిఫిను తినకుండా పొలానికి వెళ్ళినా, ఏకాదశి ఉపవాసమని మందు మాత్రం వేసుకుని తిండి మానేసినా ఇది జరుగుతుంది. ఉపవాసాలు, దీక్షలు ఉండాలనుకుంటే వారం ముందే డాక్టరుతో మాట్లాడి మోతాదు మార్పించుకోవాలి. ఒళ్ళంతా చెమట, చేతులు వణుకు, గుండె దడ, విపరీతమైన ఆకలి, మాట తడబాటు. 70 లోపుకు దిగితే ఇలా ఉంటుంది. చూసేవాళ్ళు తాగి ఉన్నాడనుకుంటారు. వెంటనే మూడు చెంచాల చక్కెర నోట్లో వేసుకుని నీళ్ళు తాగాలి. పావుగంట ఆగి తగ్గకపోతే మళ్ళీ మూడు చెంచాలు. తేరుకున్నాక రెండు ఇడ్లీలో కొంచెం పెరుగన్నమో తినాలి. మనిషి స్పృహలో లేకపోతే మాత్రం నోట్లో ఏమీ పోయవద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకు ఒత్తిగిల్లబెట్టి 108కి ఫోను చేయండి.

కాబట్టి షుగరు మాత్రలు వేసుకునే ప్రతివారి జేబులోనూ, అమ్మలక్కల కొంగుముడిలోనూ ఒక చిన్న పొట్లం చక్కెర ఎప్పుడూ ఉండాలి. ఏడాదంతా చక్కెర వద్దని చెప్పి చివరికి జేబులో చక్కెర పెట్టుకోమంటున్నారేమిటని నవ్వకండి. పొట్లం కాగితం తడవకుండా ప్లాస్టిక్ కవరులో వేసి కట్టండి. వానాకాలంలో ఒకసారి విప్పి చూసుకోండి, చీమలు ముందుగా తినేసి ఉండవచ్చు.